ఉండావా, బామ్మర్దీ?

కళ్లలో చుక్కల మందు వేసి, గంటసేపు కళ్లు మూసుకుని కూర్చోండి తాతగారూ అని చెప్పి పోయింది నర్సమ్మ. కూర్చోమంటే కూర్చునే రకం కాదు నేను. నలభై ఏళ్లు పిల్లలను బల్లల మీద కూర్చోబెట్టిన పంతులుకు తను కూర్చోవడం చేతకాదు. కళ్లు తెరిచి అటూ ఇటూ చూస్తున్నాను. ఆ కంటి దవాఖాన మాదాపూర్‌లో ఆరో అంతస్తులో ఉంది. గోడ ఉండాల్సిన చోట అద్దం ఉంది. ఈ చుట్టుపక్కల ఇప్పుడు గోడలు కట్టడం మానేసినట్టున్నారు, ఎటు చూసినా అద్దాలే.

మందు మసకలో అద్దం అవతల ఒక మనిషి కనబడ్డాడు. ఆరో అంతస్తు ఎత్తున, గాలిలో ఉన్నాడు. నడుముకు తాడు, చేతిలో గుడ్డ. అద్దాలు తుడుస్తున్నాడు.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. పక్కన మనవరాలు ఫోను చూసుకుంటోంది. పైన ఆ తాడు ఎవరు పట్టుకున్నారే అని అడిగాను. ఎవరూ పట్టుకోరట. పైన ఇనుప కొక్కెం ఉంటుందట. చాలా గట్టిదట.

"నువ్వేం ఫికర్ జెయ్యకు తాతా, కూసో" అంది తలెత్తకుండానే.

కూర్చున్నాను గానీ కళ్లు ఆ తాడు మీదే ఉన్నాయి. అరవై ఏళ్ల కింద, ఈ దవాఖానకు పిలిస్తే పలికేంత దూరంలో ఉండిన రాళ్ల మీద, ఒక మనిషి తాడు నా చేతుల్లో ఉండేది. కొక్కేన్నీ రాతినీ నమ్మే మనిషి కాదు ఆయన. మనిషినే నమ్మేవాడు. నమ్మి నమ్మి నన్ను నమ్మాడు.

మేం గౌండ్లవాళ్లం. శేరిలింగంపల్లికి దక్షిణాన రాళ్ల మధ్య ఉండేది మా ఊరు. ఇప్పుడు ఊరు లేదు, ఆ పేరుతో ఒక బస్టాపు ఉంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఏనుగులంత బండలు, వాటి సందుల్లో తాటిచెట్లు, బండల కింద చెరువు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పొద్దున చెట్లెక్కి కల్లు దించేవాణ్ణి, మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చుని ఉర్దూ పుస్తకాలు చదివేవాణ్ణి. చదువుకున్నవాణ్ణని ఊళ్లో కొంచెం టెక్కు కూడా చూపించేవాణ్ణి, దాచడమెందుకు?

దేశానికి స్వాతంత్ర్యం వస్తుందని అందరూ అనుకుంటున్న ఆ ఎండాకాలం, ఒక పొద్దున నేను నడుముకు మోకుతాడు వేసుకుని చెట్టు దిగుతుంటే కింద ఒకాయన నిలబడి నా కాళ్లకేసి, మోకుకేసి చూస్తున్నాడు. నెత్తి మీద పక్కకు ముడిచిన కొప్పు, గోచి, భుజాన విల్లు. ఆయన వెనుక బుట్ట పట్టుకుని భార్య. భుజానికి అడ్డంగా చుట్టిన తాడు ఒకటి, చెట్టు నారతో పేనింది, చాలా ఏళ్ల వాడకంతో నల్లగా నిగనిగలాడుతోంది.

నేను దిగాక ఆయన అన్న మొదటి మాట, "తాడు నీ మాట వింటాండాదే" అని. మాట చివర సాగదీసి, పాటలా వదిలిపెట్టాడు. ఏ ఊరని అడిగితే దక్షిణం వైపు గడ్డం ఎత్తి నల్లమల అన్నాడు. చెంచులు. కొండ దిగి ఇంత దూరం వచ్చిన చెంచువాణ్ణి నేను అంతవరకు చూడలేదు.

మా బండలకు పెరతేనె పట్టి ఉందని, మేమెందుకు దించుకోవడం లేదని ఆయన ఆశ్చర్యం. మాకు ఆ ఈగలంటే హడలు. అటు మేకలను కూడా తోలేవాళ్లం కాదు. నువ్వే దించుకోరాదా అన్నాను. ఆయన భార్య ముఖం చూశాడు. ఆమె నేల చూసింది.

చిక్కు ఏమిటో ఆయనే చెప్పాడు. కొండ చరియకు వేలాడి తేనె కోసేవాడి తాడు పైన ఎవరు పడితే వాళ్లు పట్టకూడదు. భార్య అన్నో తమ్ముడో పట్టాలి. సొంత అన్నదమ్ములు కూడా పనికిరారు. అన్నదమ్ముల మధ్య ఏ పాత కోపాలుంటాయో, ఏ ఆశలుంటాయో ఎవరికి తెలుసు? బామ్మర్దికి బావ మీద ఎంత కోపమున్నా చెల్లెలి ముఖం చూసి తాడు వదలడు. వాళ్ల తాతముత్తాతల నుంచి ఇదే పద్ధతి. పన్నెండేళ్లు తాడు పట్టిన ఈమె అన్న ఆ ఏడు అమ్మోరు పోసి పోయాడు. వేరే తోబుట్టువు లేడు. చేతకాక కాదు, తాడు పట్టేవాడు లేక కొండ దిగి వచ్చారు.

నాకు నవ్వొచ్చింది. అయితే కూకట్‌పల్లి అంగట్లో దొరుకుతాడేమో, పోయి ఒక బామ్మర్దిని తెచ్చుకో అన్నాను. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ముందుకు వచ్చి, "అన్నా, నీ గుడ్డొకటి ఈ" అంది.

నా భుజం మీద చెమట తుడుచుకునే దస్తీ ఉంది. ఆటగా ఉంది నాకు. సగానికి చింపి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని నెత్తికి కట్టుకుంది. పుట్టింటి గుడ్డ అది ఆమె లెక్కలో. ఆయన వెంటనే భుజాన ఉన్న తాడు విప్పి, వంగి నా చేతుల్లో పెట్టాడు. ఇంత సులువుగా చుట్టరికం కలుస్తుందని నాకు తెలియదు. అవతలివాళ్లకు అది సులువు కాదని కూడా తెలియదు.

మర్నాడు తెల్లవారి ఎండ రాకముందే, ఈగలు పోవడానికి పట్టు కింద పొగ పెట్టి బండెక్కాం. తాడు నా నడుము వెనుక నుంచి తిప్పి, కాళ్లు ఎక్కడ తన్నిపెట్టాలో చూపించాడు. మా మోకు సంగతి వేరు. మోకు, చెట్టు, మనిషి, అంతే. ఎవరి ప్రాణం వాళ్లదే. ఇక్కడ ఇరవై బారల కింద ఒక మనిషి, కనబడడు, మాట తేటగా వినబడదు, అతని బరువు మాత్రం నా నడుములో ఉంటుంది. కాసేపటికి తాడు ఒక్కసారి గుంజినట్టయింది. పక్కన కూర్చున్న ఆమె చెప్పింది, అన్నా, ఉండావా అని అడుగుతాండాడు, నువ్వూ ఒకసారి గుంజు, ఉండా అని. గుంజాను. కింద నుంచి ఏదో కూనిరాగం లేచింది.

అట్లా ఒక పట్టు కోసే లోపల ఆరేడు సార్లు అడిగేవాడు. ఉండావా? ఉండా. పైకి వచ్చాక, ఎందుకన్ని సార్లు, నేనెక్కడికి పోతానని విసుక్కున్నాను ఒకసారి.

"కింద పొగ, ఈగలు, ఏం కనపడదు బామ్మర్దీ. నువ్వుండావంటే భయం పోతాది" అన్నాడు. ఆయనకు భయం ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

పట్టు మొత్తం కోసేవాడు కాదు. పిల్లలున్న భాగం వదిలి తేనె ఉన్న భాగమే వెదురు బద్దతో కోసేవాడు. పైకి వచ్చి మొదటి ముక్క కొండమీది అమ్మకని బండ మీద పెట్టేవాడు. రెండో ముక్క మోదుగాకులో పెట్టి రెండు చేతులతో నాకిచ్చేవాడు. ఆ తర్వాతే ఆలుమగలు నోట్లో వేసుకునేవాళ్లు. నేను తినేదాకా నా నోటికేసి చూస్తూ కూర్చునేవాడు, బిడ్డకు అన్నం పెట్టిన తల్లిలా. నాకు చిరాకేసేది.

ఆయన మాటలకు మా ఊరు ఊరంతా నవ్వేది. తన గూడేన్ని పెంట అనేవాడు. వాళ్లలో ఊరిని అట్లాగే అంటారు. మా పెంటలో అట్టాంటాది, మా పెంటలో ఇట్టాంటాది అంటుంటే కల్లు పాకలో జనం కడుపు పట్టుకునేవాళ్లు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా. శ్రీశైలం మల్లన్నను మా అల్లుడు అనేవాడు. వాళ్ల పిల్లను చేసుకున్నాడట దేవుడు. మా అమ్మ ముప్పొద్దులా దండం పెట్టే దేవుణ్ణి పట్టుకుని, అల్లుడు మంచోడే గానీ మామల ఇండ్లకు రాడు అని ఆయన ఫిర్యాదు చేస్తుంటే అమ్మ చెవులు మూసుకునేది. ఎప్పుడైనా శ్రీశైలం పోతే మేం బాగుండామని అల్లుడికి చెప్పమ్మా అని ఒకరోజు వాకిట్లో నిలబడి చెప్పాడు. అమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

పాకలో అందరికంటే బాగా ఆయన్ను వెక్కిరించేవాణ్ణి నేనే. చదువుకున్నవాణ్ణి గదా, యాస పట్టుకోవడం నాకు తేలిక. ఉండావా బామ్మర్దీ అని గొంతు సాగదీసి అంటే జనం పడీ పడీ నవ్వేవాళ్లు. ఒకసారి నేను అట్లా అంటుండగా ఆయన పాక వెనుక నుంచి వచ్చాడు. తనను పిలుస్తున్నాననుకున్నాడు. "ఉండా" అంటూ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు నవ్వినవాళ్లలో కొందరి నవ్వు ఆగిపోయింది. నాది ఆగలేదు.

పేరు మాత్రం చెప్పలేదు ఆయన. అడిగితే, బామ్మర్దికి బావ పేరెందుకు, బావా అంటే చాలదా అనేవాడు. నేను ఏనాడూ బావా అనలేదు. ఏయ్ అనేవాణ్ణి, ఓయ్ అనేవాణ్ణి. ఎవరైనా విన్నారేమో అని చూసుకునేవాణ్ణి. బండ పక్కన గుండ్రటి గుడిసె వేసుకుని ఏడాది పైగా ఉన్నారు వాళ్లు. ఆ ఏడాదిలో ఆయన నన్ను బామ్మర్దీ అని ఎన్నిసార్లు పిలిచి ఉంటాడో చెప్పలేను.

స్వాతంత్ర్యం దేశానికి వచ్చింది, మాకు రాలేదు. ఆ మరుసటి ఎండాకాలం రోజులు పాడైపోయాయి. నైజాం రాజ్యంలో ఏ ఊరికి ఎప్పుడు ఎవరొస్తారో తెలియదు. కొత్త ముఖం కనబడితే ఇటు సర్కారువాళ్లకూ అనుమానమే, అటు దళాలవాళ్లకూ అనుమానమే. అడవుల నుంచి వచ్చి ఊళ్లలో దాక్కునేవాళ్లను పట్టుకుంటున్నామని ఒక జమేదారు తుపాకులవాళ్లను వెంటబెట్టుకుని నార్సింగి వైపు నుంచి మా ఊళ్లో దిగాడు. బండల మీద విల్లు పట్టుకుని తిరిగే పరదేశి ఒకడున్నాడని ఎవరో చెప్పారు.

నేను చావడి దగ్గరకు పోయేసరికి ఆయన్ను స్తంభానికి కట్టేసి ఉన్నారు. ఆయన తాడుతోనే కట్టారు, ఆ నల్లటి నారతాడుతోనే. విల్లు రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. ఆయనకు ఉర్దూ రాదు. ఆయన చెప్పే తెలుగు జమేదారు పక్కన ఉన్న తెలుగువాడికే అర్థం కావడం లేదు. ఇది ఈ దేశం మాట కాదు సాబ్ అంటున్నాడు వాడు. ఊళ్లోవాళ్లంతా ఉన్నారు. రోజూ ఆయన మాటలకు నవ్వినవాళ్లే, ఒక్కరూ నోరు విప్పలేదు.

నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. "అడుగో నా బామ్మర్ది. ఆయన్నడుగుండ్రి" అన్నాడు.

జమేదారు నావైపు తిరిగాడు. వీడు నీకేమవుతాడు అని ఉర్దూలో అడిగాడు. మా అమ్మ వెనుక నుంచి నా మోచెయ్యి పట్టుకుంది. మా నాన్న గుంపులో నిలబడి నన్ను చూస్తున్నాడు. మా చెట్లు, మా పాక, మా బతుకు అంతా ఆబ్కారీవాళ్ల దయ మీద ఉండేది. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్నాను గానీ ఆ క్షణంలో నేను ఇవేవీ ఆలోచించలేదు. భయపడ్డాను. ఇంతకంటే పెద్ద కారణం లేదు.

"కోయీ నై, సాబ్" అన్నాను, నాకేమీ కాడని.

పేరేమిటన్నాడు. తెలియదన్నాను. అది నిజం. పేరు కూడా తెలియదంటే చుట్టరికం ఎట్లా ఉంటుందని జమేదారు నవ్వాడు. స్తంభానికి కట్టి ఉన్న ఆయనకు నా ఉర్దూ అర్థం కాలేదు. సంబరంగా నావైపే చూస్తున్నాడు, నేనేదో మంచి మాట చెప్పానని. పక్కవాడు తెలుగులో చెప్పాడు, నువ్వెవరో తెలవదంటుండు అని. అప్పుడు ఆయన చూపు నా మీద నుంచి జరిగి పక్కనున్న గోడ మీదికి పోయింది. గుంపు చివర ఆయన భార్య నిలబడి ఉంది. నెత్తికి నా దస్తీ ముక్క కట్టుకునే ఉంది.

రెండు రోజులు కట్టి కొట్టారు. పనికొచ్చే మాట ఏదీ రాకపోయేసరికి వదిలేసి పోయారు. నేను ఆ రెండు రోజులూ చెట్లెక్కలేదు, చావడి వైపు పోలేదు. జ్వరమని పడుకున్నాను. జ్వరం లేదు.

వదిలేసిన మూడోనాడు తెల్లవారేసరికి బండ మీద పొగ కనబడింది. తేనెకు దిగుతున్నాడన్నమాట. ఆ దెబ్బలతో ఎట్లా దిగుతాడు, తాడు ఎవరు పట్టుకున్నారు? ఆడది పట్టకూడదు వాళ్లలో. పరుగెత్తాను. నేను పోయేసరికి ఆయన దిగిపోయాడు. తాడు కొసను ఒక బండకు మూడు చుట్లు చుట్టి ముడివేసి ఉంది. ఏ రాయినీ నమ్మనివాడు ఆ రోజు రాయికి కట్టుకున్నాడు. ఆమె కొంచెం దూరంగా కూర్చుని ఉంది. తాడుకేసి చూసింది, నాకేసి చూసింది.

వెళ్లి నా చోట్లో కూర్చున్నాను. కాళ్లు తన్నిపెట్టి, తాడు నడుము వెనుక నుంచి తిప్పుకుని పట్టుకున్నాను. ముడి జారినా నా చేతుల్లోనే ఆగుతుంది. ఆయనకు తెలియనక్కర్లేదు, పైకి వచ్చేలోగా లేచిపోదామనుకున్నాను. బరువు తెలుస్తూనే ఉంది. ఆ బరువు నాకు అలవాటే. కానీ ఆ రోజు మధ్య మధ్య వణుకుతోంది.

కాసేపటికి తాడు ఒక్కసారి గుంజినట్టయింది.

ఉండావా?

రాయిని ఎవరైనా ఉండావా అని అడుగుతారా? అలవాటు కొద్దీ గుంజాడా? నేనుంటానని ఎక్కడో ఆశపడి గుంజాడా? నాకు ఇప్పటికీ తెలియదు. చేతులు లేచాయి. ఉండా అనడానికి ఒక్క గుంజు చాలు. గుంజితే నేనని తెలుస్తుంది. చావడిలో అందరి ముందు నువ్వెవరో తెలియదన్నవాణ్ణి, ఇప్పుడు ఎవరూ లేనిచోట ఏ ముఖం పెట్టుకుని ఉన్నాననాలి? సిగ్గుతో నా చేతులు బిగుసుకుపోయాయి.

మళ్లీ ఒకసారి గుంజాడు. పక్కనుంచి ఆమె, "అన్నా" అంది, అంతే. నేను కదలలేదు. ఆ తర్వాత కింద నుంచి ఇక అడగలేదు.

నేను లేచిపోకముందే పైకి వచ్చేశాడు. మోచేతులు చీరుకుపోయి ఉన్నాయి, ముఖమంతా ఈగలు కుట్టి వాచి ఉంది. బండ అంచు మీద గడ్డం ఆనించి, ముడికేసి చూశాడు. తర్వాత తాడు వెంటే వచ్చి నా చేతుల దగ్గర ఆగింది ఆయన చూపు.

"ఉండి గూడ పలకకపోతివే" అన్నాడు.

కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది. మొదటి ముక్క బండ మీద అమ్మకు పెట్టాడు. రెండో ముక్క ఆకులో పెట్టాడు. నాకివ్వాల్సిన ముక్క ఇవ్వకుండా ఉండలేడు, చేతికి ఇవ్వనూ లేడు. నా ముందు రాతి మీద పెట్టి, తాడు చుట్టుకుని, భార్యను లేవమన్నాడు. ఆమె దస్తీ విప్పి ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు, ఇంకొంచెం బిగించి కట్టుకుని వెళ్లిపోయింది. ఆ తేనె నేను తినలేదు. చీమలు పట్టేదాకా దాని ముందు కూర్చున్నాను.

మర్నాటికి గుడిసె ఖాళీ. కొన్ని నెలలకు నైజాం దొరతనం కూడా పోయింది. జమేదారు ఏమయ్యాడో తెలియదు. ఊరంతా సంబరాలు చేసుకుంటుంటే నేను ఆ బండెక్కి కూర్చున్నాను.

పంతులుద్యోగం వచ్చాక ఒకసారి అమ్మను శ్రీశైలం తీసుకుపోయాను. అమ్మే గుర్తు చేసింది, వాళ్లు బాగున్నరని చెప్పమన్నడు గదరా అని. బాగున్నారో లేదో తెలియకుండా ఏమని చెప్పను? దర్శనం అయ్యాక అమ్మను సత్రంలో ఉంచి అడవిలోకి పోయి రెండు మూడు పెంటలు తిరిగాను. అందరూ ఆయనలాగే మాట చివర సాగదీస్తున్నారు. ఎవరి కోసమని అడిగితే పేరు చెప్పలేకపోయాను. ఒక ముసలమ్మ, ఆయన నీకేమవుతాడు నాయనా అని అడిగింది.

"నేను ఆయన బామ్మర్దిని" అన్నాను. అడవిలో, అడిగేవాళ్లెవరూ తుపాకీ పట్టుకోని చోట, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "బామ్మర్దివైతే యాడుండాడో నీకే యెరికుండాల" అని తన పనిలో పడిపోయింది.

ఇదంతా కళ్లలో మందుతో కూర్చుని తలుచుకుంటుండగా అద్దం తుడిచే మనిషి ఇంకో అంతస్తు కిందికి దిగిపోయాడు. మనిషి కనబడడం లేదు. తాడు మాత్రం అద్దానికి అవతల, జానెడు దూరంలో, బిగుసుకుని కొంచెం కొంచెం ఊగుతోంది. లేచి అద్దం దగ్గరకు పోయాను. ఈ కిటికీ ఎట్లా తెరుచుకుంటుందని మనవరాల్ని అడిగాను. ఇవి తెరుచుకునేవి కావు తాతా, ఏం గావాలె నీకు, గాలాడుతలేదా అంటూ లేచి వచ్చింది.

తాడు ఒకసారి కదిలింది. అలవాటు కొద్దీ నా చెయ్యి ముందుకు పోయి అద్దానికి తగిలింది.

"ఉండా, బావా" అన్నాను.

ఎవరితో మాట్లాడుతున్నవు తాతా అంది మనవరాలు. ఇప్పుడైతే ఎవరు విన్నా నాకు ఫికర్ లేదు. మా బావతో అని చెప్పాను.